ఈగ గారి ఆశ్రితులు

గుమ్మగెడ్డ ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డు ఒకప్పుడు జమీందారు గారి గుర్రపుసాల. జమీందారీ పోయింది, గుర్రాలు పోయాయి, గర్భిణులు వచ్చారు. గుర్రాలను కట్టిన ఇనుప కడియాలు మాత్రం గోడలకు అలాగే ఉండిపోయాయి. వాటికి ఇప్పుడు సెలైన్ సీసాలు వేలాడదీస్తారు. పైన పెంకులకూ చెక్కకప్పుకూ మధ్య ఉన్న సందులో గబ్బిలాలు కాపురముండేవి. సాయంత్రం అవి బయల్దేరితే ఆసుపత్రి ఆవరణంతా కాసేపు మబ్బు పట్టినట్టుండేది.

డాక్టర్ బెవర త్రివేణి ఆ ఊరికి బదిలీ మీద వచ్చిన మొదటి వారంలోనే గబ్బిలాలను తోలించి కప్పు బాగుచేయించమని పైవాళ్లకు రాసింది. భవనాల వారు, గబ్బిలం జంతువు కనుక అడవుల వారిని అడగమన్నారు. అడవుల వారు, సదరు గబ్బిలం అడవిలో లేదు కనుక భవనాల వారిని అడగమన్నారు. ఆరోగ్యశాఖ వారు మాత్రం కాస్త ఆలోచించి, గబ్బిలాల వల్ల ఇంతవరకు ఎవరైనా మరణించి ఉంటే వారి వివరాలు జతపరచమన్నారు. అలా రెండేళ్లు గడిచాయి. త్రివేణి పట్టువదిలే మనిషి కాదు గానీ, పట్టుకోవడానికి అవతల ఎవరో ఒకరుండాలి కదా.

ఒక ముసురు రోజున హెడ్ నర్సు మార్తమ్మ అప్పుడే పుట్టిన పిల్ల పొత్తిగుడ్డల మీద ఒక పురుగును చూసింది. సాలీడంటే సాలీడు కాదు, కాళ్లు ఆరే. నల్లి అంటే నల్లీ కాదు, కాళ్లు మరీ పొడుగు. త్రివేణి దాన్ని చిన్న సీసాలో స్పిరిట్‌లో వేసి, ఇదేమి పురుగు, దీని వల్ల బాలింతలకు గానీ పసికందులకు గానీ ప్రమాదమా అని అడుగుతూ రాజధానికి పంపింది. ఏ వైద్యురాలైనా అడగవలసిన ప్రశ్నే. కాకపోతే అడగకూడని సమయంలో అడిగింది.

ఆ రోజుల్లో ప్రభుత్వం "జిల్లాకొక విశిష్టజీవి" అనే కార్యక్రమం మీద ఉంది. ప్రతి జిల్లా తనకంటూ ఒక ప్రాణిని ప్రకటించుకోవాలి, దాన్ని కాపాడాలి, దాని బొమ్మ జీపుల మీద వేసుకోవాలి. చురుకైన జిల్లాలు ముందే నెమలిని, దుప్పిని, అలుగును ఎగరేసుకుపోయాయి. పలుకుబడి ఉన్న ఒక జిల్లా ఆవును కూడా తెచ్చుకుంది. గుమ్మగెడ్డ ఉన్న జిల్లాకు చివరికి ఏమీ మిగల్లేదు. గడువు దగ్గర పడింది. విశిష్టజీవి సంచాలకులు పురంజయరావు గారికి నిద్ర పట్టని ఆ వారంలోనే త్రివేణి పంపిన సీసా ఆయన బల్ల మీదికి చేరింది.

నాలుగో రోజుకల్లా ఆసుపత్రి ముందు జీపులు బారులు తీరాయి. టీకాల వాళ్లేమోననుకుని మార్తమ్మ పిల్లల తల్లులను వరసలో నిలబెట్టింది. ముందు జీపులోంచి పురంజయరావు గారు దిగారు. విశాలమైన మనిషి. మాట్లాడితే ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నట్టు ఆగి ఆగి మాట్లాడతారు.

"డాక్టరు గారూ, ప్రభుత్వం తమకు అభినందనలు తెలియజేయుచున్నది. తమరు పంపినది ఈగ."

"ఈగా? రెక్కలేవండీ?"

"రెక్కలు లేకపోవడమే దాని విశిష్టత. గబ్బిలం ఉండగా దానికి రెక్కలెందుకు? గబ్బిలం బొచ్చులో ఉంటుంది. గబ్బిలం నెత్తురు తాగుతుంది. గబ్బిలం ఎక్కడికి ఎగిరితే అక్కడికి పోతుంది. సొంత ప్రయాణ ఖర్చన్నదే లేదు. ఇంత పద్ధతైన ప్రాణిని నా సర్వీసులో నేను చూడలేదు." ఆయన గొంతు నిజంగానే ఆర్ద్రమైంది. "ఈ రకం ఇంకెక్కడా లేదని నిపుణులు నిర్ధారించారు."

"సంతోషమండీ. మా బాలింతలకు ప్రమాదమేమైనా ఉందా?"

"మనుషుల జోలికి రాదు. కావున ఆ ప్రశ్న ముగిసినది. ఇక మిగిలిన ప్రశ్న, బాలింతల వల్ల దానికి ప్రమాదమా అన్నది."

త్రివేణి ఆయన వేళాకోళమాడుతున్నాడేమోనని మొహంలోకి చూసింది. ఆ మొహం మీద వేళాకోళం ఏనాడూ వాలిన గుర్తు లేదు.

"మరొక విషయం," అన్నారాయన గోడను మునివేళ్లతో తాకుతూ. "ఈ ఈగ అన్ని ఈగల్లా గుడ్లు పెట్టదు. కడుపులోనే బిడ్డను పెంచి, ఒక్కొక్క బిడ్డనే కని, గోడకు అంటించి పోతుంది. ఈ నల్లటి చుక్కలన్నీ అవే. అనగా ఇది కూడా బాలింతే. ఇది కాన్పుల వార్డు. అట్టి పరిస్థితులలో దీనికి ఇక్కడ అందరితో సమానమైన హక్కు ఉన్నదని నా అభిప్రాయం."

సమానమైన హక్కు వారం తిరక్కుండా పూర్తి హక్కయింది. గోడలకు సున్నం వేయరాదు, ఈగల బిడ్డలు చస్తాయి. నేలకు ఫినాయిల్ వాడరాదు, గబ్బిలాలకు ఘాటు. పంకాలు తిప్పరాదు, గాలికి ఈగలు జారిపడతాయి. తెల్లదీపాలు పెట్టరాదు. అన్నిటికన్నా పెద్ద బోర్డు గుమ్మం మీద వేలాడింది: "ప్రసవ వేదన పడువారు నిశ్శబ్దము పాటించవలెను."

కోడలు పైడితల్లిని చూపించడానికి కొండ దిగి వచ్చిన సన్యాసమ్మ ఆ బోర్డును ఎవరిచేతో చదివించుకుని, అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్న అధికారి దగ్గరికి వెళ్లింది.

"ఏటి బాబూ, నొప్పులొచ్చిన మనిసి అరవకుండా ఏటి సేస్తాది?"

"అరవరాదని ఎక్కడా లేదమ్మా. నిశ్శబ్దంగా అరవవచ్చును."

"నువ్వో పాలి అరిసి సూపించు బాబూ. సూసి మా కోడలికి నేర్పుతాను."

అధికారి నేర్పలేదు. ఆమె పేరు రాసుకున్నాడు.

నిశ్శబ్దంగా అరవడం ఆ ప్రాంతపు ఆడవాళ్లకు అలవాటు కాలేదు. అందుచేత వార్డును ముందు వరండాలోకి, వానకు వరండా కారుతుంటే అక్కడి నుంచి సైకిళ్ల షెడ్డులోకి మార్చారు. ఖాళీ అయిన మంచాల మీద సంచాలకాలయం ఫైళ్లు పడుకున్నాయి. మంచాల పక్కన బల్లలు, బల్లల వెనక మనుషులు వచ్చారు. ఈగల సంక్షేమానికి ఒక ఉప సంచాలకుడు, ఈగల ఆహారానికి ఒక సహాయ సంచాలకుడు, ఈగల ప్రచారానికి ఒకడు, ఈగల న్యాయ వ్యవహారాలకు ఒకడు, వీళ్లందరికీ టీలు తేవడానికి మరికొందరు. త్రివేణి ఆసుపత్రిలో ఒక మత్తు డాక్టరు పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ. ఈగల కింద ఒక్క పోస్టు కూడా ఒక్క రోజు ఖాళీగా లేదు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. ఆవరణలో ఈగ బొమ్మను దున్నపోతంత చేసి నిలబెట్టారు. దాన్ని చూసి పిల్లలు ఏడ్చారు. మంత్రిగారు కూడా మొదట ఒకడుగు వెనక్కి వేశారు గానీ, తేరుకుని దండ వేశారు. "ఒకరికి బరువు కాకుండా, ఉన్నచోటనే ఉండి, ఉన్నదాంతో బతకడం ఎలాగో మనం ఈ ఈగను చూసి నేర్చుకోవాలి," అన్నారు. వెనకాల వరసల్లో నిలబడ్డ సంచాలకాలయం సిబ్బంది అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు సైకిళ్ల షెడ్డులోకి వినపడే వేళకు త్రివేణి ఒక కాన్పు మీద ఉంది. "మన కోసమే కొడుతున్నారనుకో మేడమ్," అంది మార్తమ్మ, బిడ్డ బొడ్డు కోయడానికి కత్తెర అందిస్తూ. త్రివేణికి నవ్వు రాలేదు. షెడ్డు రేకుల మీద వాన, కింద బురద. ఆ పూట పుట్టిన బిడ్డను తుడవడానికి పొడిగుడ్డ దొరకడమే గగనమైంది.

అంతా సజావుగా జరిగిపోయేదే. కానీ ఈగలు చావడం మొదలుపెట్టాయి. మొదలుపెట్టడమేమిటి, అవి ఎప్పుడూ చస్తూనే ఉన్నాయి. వాటి చావును జీతం తీసుకుని చూసేవాళ్లు రావడం కొత్త. విషయం రాజధానికి వెళ్లింది. కారణం కనుక్కోమని ఒక సంఘం వేశారు. సంఘంలో ఈగల గురించి తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను గబ్బిలాలను కొన్నాళ్లు చూసి, ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడు. గబ్బిలం తీరిక దొరికితే ఒళ్లు గోక్కుంటుంది, గోళ్లతో ఈగలను దువ్వి తీసి నమిలేస్తుంది. ఈ ఈగల చావుల్లో ఎక్కువ భాగం అలా జరిగేవే. అది సృష్టి ధర్మం. అతను చెప్పినదాంట్లో చివరి మూడు మాటలూ వదిలేసి మిగిలినవి సంఘం నివేదికలో చేర్చింది.

పురంజయరావు గారు త్రివేణిని పిలిపించి స్వయంగా కబురు చెప్పారు.

"హంతకి దొరికిందండీ డాక్టరు గారూ. గబ్బిలం."

"గబ్బిలమా?"

"ఇన్నాళ్లూ ఆశ్రయమిచ్చినట్టు నటిస్తూ రక్ష్యజీవులను భక్షిస్తున్నది. చట్టం ముందు అందరూ సమానులే. గబ్బిలాలను ఈ భవనం నుంచి తక్షణం బహిష్కరిస్తున్నాం."

రెండేళ్లుగా ఎవరి కాళ్లు పట్టుకున్నా జరగని పని జరగబోతోంది. కానీ ఆమె డాక్టరు. ఎంత విసిగినా తెలిసిన నిజం గొంతులో ఆగదు.

"సార్, ఆ ఈగ గబ్బిలం నెత్తురు మీదే కదా బతికేది? గబ్బిలాన్ని తీసేస్తే ఒక పూటలో చస్తుంది."

పురంజయరావు గారు జాలిగా నవ్వారు. "తమరు వైద్యులు. పరిపాలన వేరు. ఇంతకాలం దానికి గబ్బిలం తప్ప గతి లేకపోవడానికి కారణం, ప్రభుత్వం దాని పక్కన నిలబడకపోవడం. ఇప్పుడు మేమున్నాం."

గబ్బిలాల బహిష్కరణ వారం రోజులు జరిగింది. వలలు కట్టి పట్టారు. పట్టినదాన్ని పట్టినట్టు ఇద్దరు రెక్కలు చాపి పట్టుకుంటే మూడోవాడు దువ్వెనతో దువ్వాడు. రాలిన ఈగలను దూదిలో ఎత్తి అద్దాల గదిలోకి మార్చారు. గబ్బిలాలను లారీలకెక్కించి పక్క జిల్లా పొలిమేరలో వదిలిపెట్టారు. పక్క జిల్లావాళ్లు తమ అలుగు మనోభావాలు దెబ్బతిన్నాయని అర్జీ పెట్టుకున్నారు. వార్డులో ఒక్క గబ్బిలం లేదు, పెంట లేదు, కంపు లేదు. మార్తమ్మ కొంగు దోపి చీపురు పట్టుకుని వెళ్లింది. ఆమెను గుమ్మంలోనే ఆపేశారు. నట్టనడి వార్డులో అద్దాల గది, దానికి చల్లటి గాలి యంత్రం, చుట్టూ తాడు. ఇప్పుడది రక్ష్యజీవి నిలయం.

ఇక వాటి భోజనం సంగతి వచ్చింది. ఈగలకు నెత్తురు కావాలి. జిల్లాలో నెత్తురు నిలవ ఉండే చోటు ఏదని వెతికితే, ఎదురుగానే కనిపించింది. ఆసుపత్రి ప్రయోగశాలలో ఉన్న చిన్న ఫ్రిజ్. ఆహార విభాగం సహాయ సంచాలకుడు దానికి తాళం వేసి, లక్క సీలు కొట్టించి, "రక్ష్యజీవి ఆహార నిలవ" అని కాగితం అంటించాడు.

"అది మనుషుల రక్తమండీ. ఈగలు దాన్ని ముట్టవు," అంది త్రివేణి.

"ముట్టకపోతే వాటి ఇష్టమండి. సరఫరా చేయడం మా బాధ్యత. తాగించడం గురించి ఉత్తర్వులో లేదు."

రోజూ ఒక సంచీ విప్పి, గాజు మూకుళ్లలో పోసి, అద్దాల గదిలో పెట్టి, సాయంత్రానికి అట్టకట్టిన నెత్తురును కాలవలో పారబోసేవారు. త్రివేణి పైకి ఫోను చేసింది. ఆరోగ్యశాఖ వారు విని, రక్తం ఆరోగ్యశాఖదే అయినా, ఫ్రిజ్‌కు వేసిన సీలు తమ శాఖది కాదని విచారం వెలిబుచ్చారు.

పైడితల్లికి నొప్పులొచ్చింది ఆ రోజుల్లోనే. మధ్యాహ్నం వేళ సన్యాసమ్మ, మరో నలుగురు కలిసి ఆమెను డోలీలో మోసుకొచ్చారు. ఆ పిల్ల అసలే పాలిపోయి ఉంది. షెడ్డులో, గడ్డపారల పక్కన, నులకమంచం మీద మగపిల్లాడు పుట్టాడు. పిల్లాడు బాగానే ఉన్నాడు. తల్లికి మాత్రం మాయ పడిన తరవాత నెత్తురు ఆగలేదు.

త్రివేణి చేయగలిగిందల్లా చేసింది. సూదిమందులిచ్చింది, పొత్తికడుపును పిడికిట పట్టి నొక్కింది. ధార కాస్త తగ్గింది. కానీ అప్పటికే పోయింది పోయింది. పైడితల్లి పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, పిలిస్తే పలకడం మానేసింది. జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్దామంటే గెడ్డ పొంగి రోడ్డు మీద పారుతోంది.

"డాట్రమ్మా, దీని ఒళ్లు సల్లబడిపోతన్నాది," అంది సన్యాసమ్మ, మనవణ్ని ఒళ్లో పెట్టుకుని, కోడలి పాదాలు రుద్దుతూ. "నీ బిడ్డనుకో తల్లీ. ఆ సన్నోడికి అమ్మని ఉంచు."

"మేడమ్, దీని గ్రూపు సంచీ ఒకటి మిగిలుంది ఫ్రిజ్‌లో," అంది మార్తమ్మ గుసగుసగా. "రేపు ఈగలకు పొయ్యడానికి ఉంచారు."

త్రివేణి చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తింది. ఫ్రిజ్ ముందు కుర్చీలో సహాయ సంచాలకుడు ఉన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అతనికీ పెళ్లాం పిల్లలున్నారు. లేచి నిలబడి, రెండు చేతులూ అడ్డంపెట్టి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"అర్థమవుతోంది మేడమ్, చాలా బాధాకరం. తమరు ఒక విజ్ఞప్తి ఇవ్వండి. సంచాలకులు గారు క్యాంపులో ఉన్నారు. ఎల్లుండి రాగానే మొదటి కాగితంగా పెడతాను."

"ఎల్లుండికి అక్కడ విజ్ఞప్తికి మనిషుండదు. తప్పుకోండి."

"అది ఈగల నెత్తురు మేడమ్!"

"ఈగలది కాదు. పోయిన నెల మన కాలేజీ పిల్లలు పడుకుని ఇచ్చిన నెత్తురు. అప్పుడు బిస్కెట్లు పంచింది నేను."

ఆమె చేతిలో వస్తూ వస్తూ అందుకున్న బొడ్డుకోసిన కత్తెర ఉంది, మోచేతుల దాకా నెత్తురుంది. ఆ వాలకం చూసి సహాయ సంచాలకుడు ఎల్లుండి దాకా ఆగకుండానే తప్పుకున్నాడు. ఆమె కత్తెర మొనతో సీలు పెళ్లగించి, తాళాన్ని తలుపుకు ఆనించి పెట్టిన రాయితో రెండు దెబ్బలు కొట్టింది. సంచీ తీసుకుని, గ్రూపు సరిచూసి, తిరిగి షెడ్డులోకి వచ్చింది. కట్టడానికి కడియం లేదు. సన్యాసమ్మ దాన్ని పట్టుకుని నిలబడింది, చీకటి పడేదాకా చెయ్యి దించలేదు. దీపాలు పెట్టే వేళకు పైడితల్లి కళ్లు తెరిచి, దాహమంది. మార్తమ్మ పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది. త్రివేణి అక్కడే బురదలో బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

మర్నాడే మెమో వచ్చింది. "రక్ష్యజీవుల ఆహారమును దౌర్జన్యముగా అపహరించి, అట్టి ఆహారమునకు అర్హత లేని జీవికి ఎక్కించినందులకు" ఆమె మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమన్నారు. విచారణకు రాజధాని నుంచి కార్యదర్శి గారే వచ్చారు. నెరిసిన జుట్టు, అలిసిన కళ్లు. పక్క జిల్లా అలుగు పంచాయతీ తీర్చి నేరుగా వచ్చారు. విచారణ కాన్పుల వార్డులోనే, అద్దాల గది ముందు పెట్టారు.

పురంజయరావు గారు అభియోగం చదివారు. ముద్దాయి వల్ల ఈగలు ఒకరోజు పస్తులున్నాయని ముగించారు.

"మీరేమంటారమ్మా?" అన్నారు కార్యదర్శి గారు.

"ఈగలు పస్తులు లేవు సార్. గబ్బిలాలు వెళ్లిన మర్నాటికే చచ్చిపోయాయి."

"అసత్యం," అన్నారు పురంజయరావు గారు. "విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఈ జాతి సహజంగానే కదలికలు తక్కువ."

కార్యదర్శి గారు లేచి అద్దానికి ముక్కు ఆనించి చూశారు. లోపల ఈగలు వెల్లకిలా, కాళ్లు ముడుచుకుని, చల్లటి గాలిలో విశ్రాంతి తీసుకుంటున్నాయి.

"ఎన్నాళ్లుగా?"

"మూడు వారాలుగా, సార్," అన్నారు పురంజయరావు గారు. "మీరు అధికారికంగా అడిగితే, మరణించినట్టు సమర్థుడైన అధికారి ఎవరూ ధ్రువీకరించలేదు. ధ్రువీకరించనంతవరకు నిబంధనల ప్రకారం జీవించి ఉన్నట్టే."

"సమర్థుడైన అధికారి అంటే ఎవరు?"

ఈగల న్యాయ వ్యవహారాలు చూసే ఉద్యోగి పుస్తకం తిరగేశాడు. తిరగేసి, మళ్లీ తిరగేసి, ఒకచోట వేలు పెట్టాడు. "ఈ ఊళ్లో ఎవరు మరణించినా ధ్రువీకరించే అధికారం... ప్రభుత్వాసుపత్రి వైద్యాధికారిదే సార్."

గదిలో అందరూ త్రివేణి వైపు తిరిగారు. ఆమె అద్దాల గది తలుపు తీయించి లోపలికి వెళ్లింది. ఒక్కొక్క ఈగనూ పట్టకారుతో ఎత్తి, భూతద్దంతో చూసి, కింద పెట్టింది. తొందరపడలేదు. మనుషులకు ఎంత శ్రద్ధగా చేస్తుందో అంత శ్రద్ధగానూ చేసింది. బయటికి వచ్చి, "అందరూ పోయారు సార్. ధ్రువపత్రం ఇప్పుడే రాసిస్తాను," అంది.

కార్యదర్శి గారు మిగిలినవాళ్లను టీ తాగి రమ్మని పంపేశారు. పురంజయరావు గారు మాత్రం కదల్లేదు. కదిలే స్థితిలో లేరు.

"మరణ కారణం అన్న గడిలో ఏం రాస్తారమ్మా?" అన్నారు కార్యదర్శి గారు నెమ్మదిగా.

"ఆకలి. గబ్బిలం నుంచి విడదీసినందువల్ల."

"మంత్రిగారు వాటికి దండ వేశారు. రేపు ఈ కారణం పేపర్లో పడుతుంది."

"పడుతుంది సార్."

"ఇంకేదైనా కారణం ఉండే అవకాశం... వైద్యశాస్త్రపరంగా..."

త్రివేణి కిటికీలోంచి సైకిళ్ల షెడ్డు వైపు చూసింది. పైడితల్లి నులకమంచం మీద లేచి కూర్చుని పిల్లాడికి పాలిస్తోంది. పక్క మంచానికీ ఆ మంచానికీ మధ్య ఇటుకల మీదుగా మురుగు పారుతోంది. ఇంతవరకు ఆమె ఏ మరణపత్రంలోనూ అబద్ధం రాయలేదు. చచ్చింది మనిషైతే ఇప్పుడూ రాసేది కాదు.

"నా వార్డు నాకిచ్చేయండి. గోడలకు సున్నం వేయించండి, కప్పు బాగుచేయించండి. ఫ్రిజ్‌కు సీళ్లుండకూడదు. మెమో వెనక్కి తీసుకోండి. వృద్ధాప్యమని రాస్తాను."

పురంజయరావు గారు అప్పుడు తలెత్తి, "అన్నిటికీనా?" అని అడిగారు.

"అన్నిటికీ, ఒక్క రోజునే. అన్యోన్యమైన కుటుంబమని పేపర్లో వేయించుకోండి."

పేపర్లో అలాగే పడింది. మంత్రిగారు సంతాపం తెలిపారు. కాన్పుల వార్డుకు సున్నం పడింది, కప్పుకు కొత్త పెంకులు పడ్డాయి, తెల్లదీపాలు వెలిగాయి. సంచాలకాలయాన్ని మూసేశారని విన్న రోజున మార్తమ్మ ఆవరణంతా కల్లాపి చల్లించింది. సన్యాసమ్మ మనవణ్ని చంకనేసుకొచ్చి, డాక్టరమ్మకు అరటిగెల ఇచ్చి వెళ్లింది. త్రివేణి చాలా కాలానికి ఒక ఆదివారం పూట పడుకుని నిద్రపోయింది.

మూసేసిన కార్యాలయంలో మనుషులుంటారన్న సంగతి ఆమె మరిచిపోయింది. వాళ్లు మరిచిపోలేదు. వాళ్లందరూ కలిసి ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టుకున్నారు. ప్రభుత్వ రక్షణలో ఉండగా మరణించినవారి ఆశ్రితులకు కారుణ్య నియామకాలు ఇవ్వాలని నిబంధన ఉన్నది. దివంగతులైన ఈగల మీద తామందరూ పూర్తిగా ఆధారపడి జీవించినారు, తమకు వేరే జీవనాధారము లేదు, ఎన్నడూ ఉండలేదు. ఇందులో ఒక్క అక్షరం కూడా ఎవరూ కాదనలేకపోయారు. మృతులు ఏ శాఖ ఆవరణలో మరణించారో ఆ శాఖలోనే వారిని సర్దుబాటు చేయాలని ఉత్తర్వులు వెలువడ్డాయి.

ఆ ఉత్తర్వుల తరవాతి సోమవారం ఉదయం త్రివేణి వచ్చేసరికి వార్డు వరండా నిండా మనుషులు. ముందు పురంజయరావు గారు, పాలనా సలహాదారు హోదాలో. ఆయన వెనక ఉప సంచాలకుడు, సహాయ సంచాలకుడు, ప్రచారం, న్యాయ వ్యవహారాలు, టీలు. అందరి చేతుల్లో నియామక పత్రాలు, అందరి మొహాల్లో వినయం.

"డాక్టరు గారూ," అన్నారు పురంజయరావు గారు చేతులు జోడించి, "ఇకమీదట మేమందరం తమ మీదే ఆధారపడి ఉన్నాం."

ఆ సమయానికి లోపల ఒక ఆడమనిషి గొంతెత్తి అరిచింది. ఆ వెంటనే ఇంకొక గొంతు. మార్తమ్మ తలుపులోంచి తల బయటపెట్టి, "మేడమ్, ఇద్దరికి ఒకేసారి వచ్చేసింది. నాకు రెండు చేతులే!" అని కేకేసింది.

త్రివేణి వాళ్లందరినీ ఒకసారి చూసింది. ఇంతమంది. ఎనభై చేతులన్నా ఉంటాయి.

"మంచి వేళకొచ్చారు," అంది. "కుళాయి అటుంది. సబ్బు రాసి మోచేతుల దాకా కడుక్కుని, ఒక్కొక్కరుగా లోపలికి రండి. పట్టుకునేవాళ్లు కావాలి, వేన్నీళ్లు మోసేవాళ్లు కావాలి, గుడ్డలు ఉతికేవాళ్లు కావాలి."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె సమాధానం కోసం ఆగలేదు. కొంగు బిగించి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గంటన్నర పట్టింది. ఒక ఆడపిల్ల సుఖంగానే వచ్చింది. రెండో కాన్పు ఎదురుకాళ్లది, ప్రాణం మీదికొచ్చి తప్పింది. రెండు ఏడుపులూ విని, చెమట తుడుచుకుంటూ ఆమె తలుపు తీసింది.

వరండాలో ఎవరూ లేరు. హాజరు పట్టీలో అందరూ ఉన్నారు.